మే పదమూడు నాటి సూర్యుడు

మే 9, గురువారం

తొమ్మిదేళ్లలో ఇంత పెద్ద గుంపును నేను గీయలేదు. పదిహేను సెంటీమీటర్ల సూర్యుడిలో ఆ ఒక్క మచ్చల గుంపే రెండు సెంటీమీటర్లు. దక్షిణపు పట్టీలో, పద్దెనిమిదో డిగ్రీ దగ్గర. పెన్సిలు మూడుసార్లు చెక్కుకోవలసి వచ్చింది. రిజిస్టర్‌లో పేజీ చాలక మిగిలింది ఈ నోటుబుక్కులో రాస్తున్నాను. దీన్ని ఎవరూ చూడరు కాబట్టి ఇంటి సంగతులు కూడా రాసుకోవచ్చు.

ఫొటో పంపగానే నరసరావుపేట నుంచి ఖలందర్ మాస్టారు ఫోన్ చేశారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మా అమ్మాయి రుచిత ఏడో తరగతిలో ఉన్నప్పుడు సైన్సు ఫేర్ కోసం ఈ చిన్న టెలిస్కోపు ఇచ్చింది ఆయనే. రుచిత అట్ట పట్టుకునేది, దాని మీద పడ్డ సూర్యుణ్ణి నేను గీసేదాన్ని. అది హాస్టల్‌కి వెళ్లిపోయింది, నేను మానలేదు. రోజూ గీసి ఆయనకు ఫొటో పంపుతాను, ఆయన తన పట్టికలో ఎక్కించుకుంటారు.

"జాగ్రత్తగా చూస్తూ ఉండమ్మా. నిన్నటి నుంచి మంటలన్నీ ఆ ఒక్క గుంపు నుంచే లేస్తున్నాయి" అన్నారు.

"మిగతావి ఊరుకుంటాయా మాస్టారూ?"

"మిగతావి నెమ్మదైన మచ్చలు. ఇందులో రెండు ధ్రువాలూ కలగలిసిపోయి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అలాంటి చోటే మండుతుంది. సూర్యుడి మీద ఎక్కడ పడితే అక్కడ మండదమ్మా."

ఆ మంటలు నా అట్ట మీద కనపడవు. మచ్చ మాత్రమే కనపడుతుంది.

రిజిస్టర్‌లో చివరి గడి పేరు ‘అట్ట పట్టినవారు’. మూడేళ్లుగా అందులో ‘లేరు’ అని రాస్తున్నాను. అట్టను కుర్చీకి తాడుతో కట్టుకుంటాను. గడి కొట్టేయొచ్చు. కానీ ఒకసారి గీసిన గడిని ఖాళీగా వదలడం నాకు చేతకాదు.

మే 11, శనివారం

గుంపు ఇంకా పెరిగింది. ఆ మంటల వల్ల లడఖ్‌లో రాత్రి ఆకాశం ఎర్రబడిందట, మాస్టారు ఫొటో పంపారు. మా ఆయనకు చూపిద్దామని డాబా దిగి కిందికి వెళ్లాను. వరండా నిండా మనుషులు. టీ పెట్టి ఇచ్చి పైకి వచ్చేశాను.

మే 12, ఆదివారం

రేపు పోలింగు. ఆయన మా వైపు ఏజెంటు. అవతలి వైపు ఏజెంటు యల్లమంద, రెండిళ్ల అవతలే. చుట్టరికం ఏమీ లేదు గానీ చిన్నప్పటి నుంచి ఈయన్ని బావా అంటాడు. సాయంత్రం గేటు దగ్గర ఆగాడు.

"ఏం బావా, రేపు బూతుకి చొక్కా ఏసుకొస్తావా, కవచం ఏసుకొస్తావా?"

"నీ లిస్టు సంగతి చూసుకోరా ముందు. సగం మంది సచ్చిపోయినోళ్లే ఉన్నారంట అందులో."

"సచ్చినోళ్లు కూడా మాకే ఏస్తారు బావా. నీకు బతికున్నోళ్లే ఎయ్యరు."

ఆయన పెద్దగా నవ్వారు. గేటు మూసి ఇటు తిరిగేసరికి ముఖంలో నవ్వు లేదు.

పోయిన ఎన్నికల్లో గొడవ బూతు ఉన్న బడి దగ్గరే. పంచాయతీ ఎన్నికల్లోనూ బడి దగ్గరే. ఈసారి పోలీసులు ఎక్కువ మంది వచ్చారు. ఏమీ జరగదు.

మే 13, సోమవారం

ఎనిమిదింటికల్లా ఓటు వేసి వచ్చాను. ఆయన తెల్లవారకముందే వెళ్లారు. 8.50కి గీయడం మొదలుపెట్టాను. పెద్ద గుంపు పడమటి అంచుకు చేరి, నొక్కినట్టు సన్నగా కోలగా అయింది. మధ్యలో చిన్న చుక్కలు రెండు. గాలికి తాడు ఊగి పెద్ద గుంపు చుట్టూ రెండేసి గీతలు పడ్డాయి. చెరపలేదు. పడ్డ గీత చెరపకూడదని మాస్టారి నియమం. అట్ట పట్టినవారు: లేరు. 9.40కి ఫొటో పంపాను.

తొమ్మిది దాటాక బడి వైపు నుంచి అరుపులు వినిపించాయి.

పదిన్నరకు ఆయన దొడ్డి గుమ్మంలో నుంచి వచ్చారు. చొక్కా విప్పి బకెట్టులో పడేశారు. "ట్రాక్టరు తుప్పు అంటింది" అన్నారు. నేను అడగలేదు. వేరే చొక్కా వేసుకున్నారు. ఫోను బల్ల మీదే వదిలేశారు.

"ఎక్కడికండీ?"

"శావల్యాపురం కాడ పనుంది. ఎవురన్నా అడిగితే పొద్దుటి నుంచి కనపళ్లేదని చెప్పు." గుమ్మం దాటి మళ్లీ వెనక్కి వచ్చారు. "కాదు. పొద్దున ఇంట్లోనే ఉన్నానని చెప్పు."

"రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి."

"ఇంట్లోనే."

తుప్పు మరక చన్నీళ్లకే పోయింది.

మే 14, మంగళవారం

144 సెక్షన్. ఎవరూ బయటికి రాకూడదని జీపులో మైకు. డాబా బయట కింద లెక్కో, ఇంటి కింద లెక్కో తెలియక పిట్టగోడ చాటున కూర్చుని గీశాను. గుంపు అంచు దాటుతోంది.

యల్లమంద గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడట. తల మీద ఇనప రాడ్డు దెబ్బ. కేసులో నలుగురి పేర్లు రాసి, ‘మరికొందరు’ అని కలిపారట. ఆ నలుగురిలో ఆయన లేరు.

ఆయన లేరు.

మే 15, బుధవారం

పెద్ద గుంపు వెనక్కి వెళ్లిపోయింది. మిగిలినవి మామూలు మచ్చలు.

మే 17, శుక్రవారం

తుప్పు మరకకు నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో పెట్టాలి. చన్నీళ్లకు పోదు. ఇది నాకు పెళ్లికి ముందు నుంచీ తెలుసు.

మే 19, ఆదివారం

యల్లమంద పోయాడు. పోలీసు జీపుల మధ్య తీసుకొచ్చారు. యల్లమంద భార్య కోటేశ్వరమ్మ ఏడుపు మా డాబా మీదికి వినిపించింది. నన్ను వదినా అంటుంది. రుచిత పుట్టినప్పుడు నెల రోజులు మా ఇంట్లో వండి పెట్టింది.

వెళ్లాలి. రేపు వెళతాను.

మే 20, సోమవారం

వెళ్లలేదు.

మే 22, బుధవారం

మా ఆయన మాట్లాడుకున్న వకీలు గారు రిజిస్టర్ తీసుకుని రమ్మన్నారు. బస్సులో గురజాల వెళ్లాను. ఎక్కడున్నారో చెప్పరు గానీ, ఆయన వకీలుతో మాట్లాడుతూనే ఉన్నారట. ‘మా ఆడది రోజూ పొద్దున డాబా మీద ఏందో గీస్తది, టైము కూడా ఏసిద్ది’ అని చెప్పారట. ఇరవై ఆరేళ్లలో నేను చేసే పని గురించి ఆయన మరొకరికి చెప్పడం ఇదే మొదటిసారి.

వకీలు గారు పేజీలు తిప్పుతూ, "మే పదమూడు. టైము ఎనిమిది యాభై నుంచి తొమ్మిదిన్నర. మబ్బు లేదు. గాలి లేదు. గుంపులు ఆరు" అని పైకి చదివారు. "ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో ఇట్టాంటి పుస్తకం చూళ్లేదమ్మా. కోర్టు గుమాస్తా కూడా ఇంత శుభ్రంగా రాయడు." తరువాత చివరి గడి మీద వేలు పెట్టారు. "ఇక్కడొక పేరు ఉంటే చాలు."

"ఆయన ఎప్పుడూ డాబా మీదికి రాలేదండీ."

"ఇకనుంచి వస్తాడు."

"మూడేళ్లుగా ‘లేరు’ అనే రాశాను."

"అందుకే ఒక్క రోజే రాస్తే దొరికిపోతాం. ఆదివారాలు రాయండి, పండగలు రాయండి. పనిలేని రోజున మొగుడు పెళ్లానికి అట్ట పట్టాడు. తప్పేముందమ్మా? పోలింగు రోజూ సెలవే."

"ఆ రోజు ఆయన ఏజెంటు."

"పొద్దున కూర్చున్నాడు. కడుపులో తిప్పి ఇంటికొచ్చాడు. రిలీఫు ఏజెంటు కూర్చున్నాడు. కాయితం ఉంది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అదృష్టం చూడండి, అంతా పెన్సిలుతో రాశారు."

మే 24, శుక్రవారం

ఆదివారాలు నూట యాభైకి పైనే. వరసగా చెరిపితే రబ్బరు జాడ ఒకేలా కనపడుతుంది. అందుకని రోజుకు ముప్పై చొప్పున, వేర్వేరు పెన్సిళ్లతో రాస్తున్నాను. కొన్ని ఆదివారాలు ‘లేరు’ అనే ఉంచాను. మగవాడు ప్రతి ఆదివారం ఖాళీగా ఉండడు.

మే 13 పేజీ కొత్తగా గీశాను. ఒకే గీత, శుభ్రంగా వచ్చింది. పాతది నీళ్లపొయ్యిలో వేశాను.

మే 26, ఆదివారం

ఇవాళ రాసినవి 2022 ఆదివారాలు. ఆగస్టులో ఒక ఆదివారం దగ్గర ఆగిపోయాను. ఆ రోజు మబ్బులు తొలిగే దాకా ఇద్దరం పిట్టగోడ మీద కూర్చున్నాం. వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పోశారు. ‘నీ సూర్యుడికి చీము పట్టిందే’ అన్నారు. నేను నవ్వాను.

అలా ఏమీ జరగలేదు. ఆ రోజు ఆయన మాచర్లలో ఎవరి పెళ్లిలోనో ఉన్నారు. కానీ ‘గోపాలరావు’ అని రాస్తుంటే ఉన్నట్టే ఉంది. ఆ పేరు రాయడం నాకు కష్టంగా లేదు. అదే కష్టంగా ఉంది.

మే 28, మంగళవారం

పెద్ద గుంపు తిరిగి వచ్చింది. తూర్పు అంచున సగం కనపడింది. అదే డిగ్రీ. అంచులో ఉండగానే మండిందట. శాస్త్రవేత్తలు ఆ గుంపుకు కొత్త నంబరు ఇచ్చారని మాస్టారు రాశారు. ‘నంబరే మారిందమ్మా, ఇల్లు మారలేదు.’

మే 30, గురువారం

మాస్టారికి ఫోన్ చేశాను. మే 13 ఫొటో ఆయన దగ్గర ఉంది. రెండు గీతల గుంపు, చివరి గడిలో ‘లేరు’. ఆదివారాలన్నీ కూడా ఉన్నాయి. తీసేయమని అడిగాను. కారణం చెప్పలేదు. ఆయన పేపరు చదివే మనిషి.

"నేను తీసెయ్యనమ్మా" అన్నారు.

"ఎవరైనా అడిగితే?"

"అడిగితే చూపిస్తాను. అడక్కపోతే నాకై నేను ఎవరి గడపా తొక్కను. నేనూ ఈ జిల్లాలోనే బతకాలి."

"సరే మాస్టారూ."

"ఇంకొక్క మాట. ఇకనుంచి పంపొద్దమ్మా. ఒక్క రోజు దిద్దిన చేతి లెక్కను నేను పట్టికలో ఉంచలేను. మొత్తం తొమ్మిదేళ్లదీ తీసెయ్యాలి. ఎన్ని రోజులో తెలుసా?"

తెలుసు. మబ్బు రోజులు పోను రెండు వేల నాలుగు వందల పదకొండు.

జూన్ 2, ఆదివారం

ఆయన వచ్చారు. బాగా తగ్గారు. ఏడో తారీకున స్టేషన్‌కు రమ్మని నోటీసు ఇచ్చారట. వకీలు గారు ధైర్యం చెప్పారట. అన్నం తిని, "పద, నీ సూర్యుణ్ణి చూపించు. నాలుగు ముక్కలు రావాల నాకు" అన్నారు.

డాబా మీదికి వచ్చారు. చెప్పులు మెట్ల దగ్గర వదిలారు. కుర్చీకి కట్టిన తాడు నేనే విప్పి అట్ట ఆయన చేతికి ఇచ్చాను.

"ఏందే, ఇది జారిపోతా ఉంది?"

"భూమి తిరుగుతోంది. మీరు కదలకండి, నేను తిప్పుతాను."

"ఈ నల్లటిదేంది, ఈగా?"

"అది భూమికి పదింతలు."

ఆయన నోరు తెరుచుకుని అట్ట వైపే చూశారు. చెయ్యి వణకలేదు. నా గీత ఇంత తిన్నగా ఎప్పుడూ రాలేదు.

చివరి గడిలో ‘గోపాలరావు’ అని రాశాను. ఇది నిజం.

జూన్ 3, సోమవారం

చెప్పించుకున్నారు, అప్పజెప్పారు. మచ్చలు ధ్రువాల దగ్గర రావు. నడిమి రేఖకు పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, ఆ రెండింట్లోనే వస్తాయి. పదకొండేళ్ల వరస మొదట్లో ఆ పట్టీలు రేఖకు దూరంగా ఉంటాయి, పోనుపోను దగ్గరికి జరుగుతాయి. ఒకసారి లేచిన చోటు దగ్గరే మళ్లీ మళ్లీ లేస్తాయి. సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి మనకు ఇరవై ఏడు రోజులు.

"రెండు పట్టీలా? అంటే మా పార్టీ, వాళ్ల పార్టీ" అన్నారు. "మధ్యలో ఎవుడూ ఉండడు."

"మధ్య రేఖ మీద చాలా అరుదు."

"తెలివైనోళ్లు ఉంటార్లే ఒకరిద్దరు, నీ మాస్టారు లాంటోళ్లు. మరి మంట ఎవురి మీద పడిద్ది?"

"ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద."

నవ్వారు. నేనూ నవ్వాను. కింద వీధిలో వెళ్లేవాళ్లు తలెత్తి చూశారు. చూడనీ అనిపించింది. అందుకు సిగ్గుపడాలని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

జూన్ 4, మంగళవారం

లెక్కింపు. దుకాణాలు మూశారు. ఎవరు గెలిచారో అందరికీ తెలుసు, ఇక్కడ రాయను. ఆయన టీవీ దగ్గర నుంచి లేచి వచ్చి మరీ అట్ట పట్టారు. గుంపు సరిగ్గా నడిమధ్యకు వచ్చింది.

జూన్ 7, శుక్రవారం

స్టేషన్‌లో మూడు గంటలు. సీఐ చిన్నవాడు, ఇంజనీరింగు చదివినట్టున్నాడు. నాకు కుర్చీ వేయించాడు. రిజిస్టర్ శ్రద్ధగా తిప్పాడు. ఆయన్ని పట్టీల గురించి అడిగాడు. తడుముకోకుండా చెప్పారు. పదకొండేళ్ల వరస కూడా చెప్పారు. వకీలు గారు నా వైపు చూసి తల ఊపారు.

అప్పుడు సీఐ తెల్ల కాగితం మీద గాజు గ్లాసు బోర్లించి వృత్తం గీశాడు.

"పదమూడున పెద్ద గుంపు ఎక్కడుందో చుక్క పెట్టండి గోపాలరావు గారూ."

ఆయన పెన్ను తీసుకుని నడిమధ్యలో పెట్టారు. నాలుగో తారీకున చూసినచోట.

సీఐ రిజిస్టర్ తెరిచి రెంటినీ పక్కపక్కన పెట్టాడు. నా పేజీలో గుంపు పడమటి అంచున ఉంది.

"అద్దంలో బొమ్మ తిరగబడుతుంది సార్. తూర్పు పడమర మారతాయి" అన్నారు వకీలు గారు.

"ఎటు తిప్పినా మధ్య మధ్యేగా సార్" అని సీఐ నన్ను చూశాడు. "మీరు చెప్పండమ్మా."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే చెప్పినట్టు చెప్పాను.

"మధ్యలో కూడా రెండు మచ్చలున్నాయి సార్, చూడండి. అట్ట పట్టినవాళ్లకు మధ్యలోవే తేటగా కనపడతాయి. అంచున ఉన్నది నొక్కుకుపోయి గీతలా ఉంటుంది. ఆయనకు చత్వారం. పెద్దది ఏదో, చిన్నది ఏదో ఆయనకేం తెలుసు?"

సీఐ కళ్లు దగ్గరగా పెట్టి ఆ రెండు చుక్కలనూ చూశాడు. అవి నిజమైన మచ్చలు. ఆ రోజు అక్కడే ఉన్నాయి. రిజిస్టర్ మూశాడు. తన నంబరు ఒక చీటీ మీద రాసి నాకే ఇచ్చాడు.

"ఏదన్నా గుర్తొస్తే ఫోన్ చేయండమ్మా. ఎప్పుడైనా సరే."

జూన్ 8, శనివారం

ఆయన టెలిస్కోపుకు బంతిపూల దండ వేశారు. నలుగురు వచ్చారు. వేటకూర వండాను.

"మా ఆడదాని సూర్యుడే లేకపోతే ఈపాటికి జైల్లో చిప్ప పట్టుకునేవోణ్ణి రా."

"అక్కా, మాక్కూడా రెండు రోజులు రాసిపెట్టక్కా, అట్ట మేమూ పడతాం" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

జూన్ 10, సోమవారం

కోటేశ్వరమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పట్టుకుని నిలబడింది.

"వదినా, ఆ పూట నువ్వు డాబా మీదే ఉన్నావంట గదా. స్టేషన్లో రాయించావంట."

"ఆ."

"మీ డాబా మీంచి బడి కనపడిద్ది. ఎండాకాలం మనిద్దరం అక్కడే కదా వడియాలు పెట్టింది." గేటు మీద వేలితో ఏదో రాస్తూ, "ఎవురు కొట్టారో నీకు కనపడిందా వదినా? నేను కేసులకని అడగట్లా. నువ్వు చెప్పిన పేరు ఎక్కడా చెప్పను. ఆయన ఎవురి చేతిలో పోయాడో నాకు తెలియాల. అంతే" అంది.

"నా వీపు బడి వైపు ఉంటుంది కోటేశ్వరమ్మా. నేను సూర్యుణ్ణి చూస్తుంటాను."

"అంతేలే" అంది. "పాలు పొంగుతున్నట్టున్నయ్, చూసుకో" అని వెళ్లిపోయింది.

పాలు నిజంగానే పొంగాయి.

జూన్ 11, మంగళవారం

పొద్దుటి పూట సూర్యుడు తూర్పున ఉంటాడు. అట్ట పడమట ఉంటుంది. గీసే మనిషి పడమటికి తిరిగి కూర్చోవాలి. బడి పడమటే.

ఆ రోజు గాలి లేదు. గాలి గడిలో నేనే ‘లేదు’ అని రాశాను. తాడు ఊగలేదు.

బడి ప్రహరీ పక్కన యల్లమంద కింద పడి లేస్తున్నాడు. ఒక చెయ్యి ఎత్తి ఏదో అంటున్నాడు. మా ఆయన చొక్కా రంగు ఇంత దూరానికి కూడా తెలుస్తుంది, నేను ఇస్త్రీ చేసిన చొక్కా. రెండోసారి కొట్టనక్కరలేదు. కొట్టారు.

నేను మళ్లీ అట్ట వైపు చూసి మిగతా గుంపులు గీశాను. ఆరు. అన్నీ సరిగ్గా లెక్కపెట్టాను.

ఇది ఇప్పుడు గుర్తొచ్చింది కాదు.

జూన్ 16, ఆదివారం

ఆయన టిఫిను తింటూ అన్నారు. "ఇకనుంచి రోజూ నా పేరు ఏస్తుండు. ఆదివారమే కాదు."

"మీరు ఉన్న రోజే కదా రాయాలి."

"ఉన్నా లేకపోయినా. వచ్చే ఏడు పంచాయతీ ఎలచ్చన్లు. ఎప్పుడే అవసరం వచ్చిద్దో. ముందే రాసి ఉంటే రబ్బరు పని ఉండదు గదా."

ఇడ్లీ ఇంకొకటి వేయమన్నారు. వేశాను.

జూన్ 17

గోపాలరావు. (ఆయన పొలంలో.)

జూన్ 18

గోపాలరావు. (గురజాలలో.)

జూన్ 19

గోపాలరావు. (తెలియదు.)

జూన్ 22, శనివారం

యల్లమంద తమ్ముడు పై అధికారులకు అర్జీ పెట్టాడట. కేసు మళ్లీ విచారించమని. ‘సాక్ష్యం చెప్పింది సొంత పెళ్లాం’ అని రాశాడట. మా ఆయన ఆ అర్జీ గురించి నాతో ఏమీ అనలేదు. ఫోనులో మాత్రం ఎవరితోనో, "ఆడికి అన్నతో పాటే పోవాలనుందేమో, అడుగుదాం" అన్నారు.

మగవాళ్లు అలా అంటుంటారు.

జూన్ 25, మంగళవారం

పెద్ద గుంపు మూడోసారి వచ్చింది. చిన్నదైంది, కానీ చోటు అదే. 8.10కి గీయడం మొదలుపెట్టాను.

ఎనిమిదిన్నరకు ఆయన ఫోన్ చేశారు. వెనకాల మోటారు సైకిళ్ల చప్పుడు, ఇద్దరు ముగ్గురి గొంతులు.

"ఏమే, ఇయ్యాల నా పేరు రాశావా?"

"ఎక్కడున్నారండీ?"

"రాశావా లేదా?"

"ఎక్కడున్నారు?"

"యల్లమందోళ్ల పొలం గట్టు మీద. ఆడి తమ్ముడు చేనుకి మందు కొట్టడానికి వస్తాడని చూస్తున్నాం. మాట్లాడదామనిలే. టైము ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఏసుకో. సరేనా?"

"సరే" అన్నాను.

పెట్టేశారు. అట్ట మీద సూర్యుడు అంచు దాకా జారిపోయాడు. తిప్పి మళ్లీ మధ్యకు తెచ్చాను. చివరి గడిలో ‘లేరు’ అని రాశాను. పెన్సిలు కాదు, పెన్ను.

తరువాత చీటీ మీది నంబరుకు ఫోన్ చేశాను. సీఐ ఎత్తాడు. పొలం ఎటువైపో, ఏ కాలవ దాటాలో, ఎంతమంది గొంతులు వినిపించాయో వరసగా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడి, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నాడు.

"ఉంది. మే పదమూడున ఆయన నా దగ్గర లేరు. నేను డాబా మీది నుంచి చూశాను. రెండుసార్లు కొట్టారు. నా రిజిస్టర్ నమ్మకండి. నరసరావుపేటలో ఖలందర్ మాస్టారి దగ్గర ఫొటోలున్నాయి, అవి నమ్మండి. వెళ్లి అడగండి, అడిగితే చూపిస్తారు."

"ఇది కోర్టులో కూడా చెప్పాల్సి ఉంటుందమ్మా."

"చెబుతాను."

"మీరు ఇంట్లోనే ఉండండి. తలుపు వేసుకోండి. మావాళ్లను పంపిస్తాను."

ఇల్లు తాళం వేశాను. ఇది వీధి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నేను ఇంట్లో ఉండనని, రెండిళ్ల అవతల కోటేశ్వరమ్మ దగ్గర ఉంటానని, అక్కడికే రమ్మని సీఐకి చెప్పాను. వాళ్లు వచ్చేలోగా ఆమె అడిగినదానికి జవాబు చెప్పాలి. తరువాత ఆమె ఉండనిస్తే ఉంటాను. పొమ్మంటే గేటు బయట నిలబడతాను.